భూమి తన సమాచారాన్ని వినిపించే దినం

మొదటి ఖుత్బా

భూమ్యాకాశాలను సృజించి, కొండలను నిలిపి, నీటినుండి ప్రాణిని పుట్టించిన అల్లాహ్‌ను స్తుతిస్తున్నాము. ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము. మా అహంకారపు కీడునుండి, మా నాలుకల కీడునుండి ఆయన శరణు వేడుకుంటున్నాము. ఆయన తప్ప వేరొక ఆరాధ్యుడు లేడని, ముహమ్మద్ (స) ఆయన దాసుడు, ఆయన సందేశహరుడని సాక్ష్యమిస్తున్నాము. దైవప్రవక్త (స)పై, ఆయన కుటుంబంపై, ఆయన సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ప్రియమైన ధార్మిక సోదరులారా! అల్లాహ్‌కు భయపడండి. ఈ మాట ముందుగా మాకు మేము చెప్పుకుంటున్నాము, ఆ తరువాతనే మీకు.

నేటి ప్రసంగం మా తప్పుతో ఆరంభమవుతున్నది. కొన్ని నెలల క్రితం అసర్ నమాజు తరువాత మస్జిద్‌లో ధార్మిక పాఠం జరుగుతున్నది. భూమ్యాకాశాలను అల్లాహ్ ఆరు దినాలలో సృజించాడని మేము చెబుతుండగా పదవ తరగతి చదివే ఒక అబ్బాయి లేచి నిలబడినాడు. "హజ్రత్, భూమి వయస్సు నాలుగు వందల యాభై కోట్ల ఏళ్ళని మా సారు చెప్పారు. మీరు ఆరు దినాలంటున్నారు. ఈ రెండింటిలో ఏది నిజం?" అని అడిగినాడు. ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు. తెలుసుకోవాలన్న ఆరాటం మాత్రమే ఉన్నది. కాని మా వద్ద జవాబు లేకపోయినది. జవాబు లేనివాడు చేసే పనినే మేము చేసినాము. గద్దించినాము. "ఇలాంటి ప్రశ్నలు ఈమాన్‌ను పాడుచేస్తాయి, కూర్చో" అన్నాము. పక్కనున్న పెద్దలు తల ఊపినారు. అబ్బాయి కూర్చున్నాడు. మరుసటి జుమాకు రాలేదు. ఆ తరువాతి జుమాకు కూడా రాలేదు.

మరమగ్గం మీద పనిచేసే అతని తండ్రి ఒకనాడు మా వద్దకు వచ్చినాడు. "హజ్రత్, మావాడు ఇంట్లో నమాజు చేసుకుంటున్నాడు. మస్జిద్‌కు రమ్మంటే, నేను అడిగింది పాపమైతే అక్కడ నాకేం పని అంటున్నాడు" అని తల దించుకున్నాడు. తల దించుకోవలసినది ఆ తండ్రి కాదు, మేము. ఆ రాత్రి ఖుర్ఆన్ తెరిచినాము. మేము గద్దించిన ప్రశ్నకు అల్లాహ్ గ్రంథంలో ఎంత గౌరవం ఉన్నదో చూసి సిగ్గుపడినాము.

సోదరులారా! సూరా అన్‌కబూత్ ఇరవయ్యవ ఆయతులో అల్లాహ్ మనలను భూమిపై సంచరించమని, ఆయన సృష్టిని ఏ విధంగా ఆరంభించినాడో చూడమని ఆజ్ఞాపించినాడు. సృష్టి ఎలా మొదలైనదని అడిగినవాడు ఆ ఆజ్ఞ దారిలో మొదటి అడుగు వేసినవాడు. సూరా ఫాతిర్ ఇరవై ఏడవ ఆయతులో అల్లాహ్ కొండలలో కనిపించే తెల్లని, ఎర్రని, కారునల్లని చారలను పేర్కొన్నాడు. దాని వెంటనే ఇరవై ఎనిమిదవ ఆయతులో, తన దాసులలో జ్ఞానులే తనకు నిజంగా భయపడతారని తెలియజేసినాడు. కొండ రంగులను చూపిన మరుక్షణమే జ్ఞానుల ప్రస్తావన వచ్చినది. ఈ రెండు ఆయతుల మధ్య ఉన్న బంధాన్ని మేము ఎన్నోసార్లు పఠించినాము, ఒక్కసారి కూడా తలెత్తి మన ఊరి కొండవైపు చూడలేదు.

ఈనాడు ఆ కొండవైపే చూద్దాము. నగరి మీదుగా ప్రయాణించే ప్రతివారూ మొనదేలిన ముక్కులా కనిపించే ఆ శిఖరాన్ని ఎరుగుదురు. ఆంగ్లేయుల కాలంలో మద్రాసు తీరాన్ని సమీపించే నావికులు సముద్రం మీదనుండి ఆ ముక్కును చూసి తీరాన్ని గుర్తు పట్టేవారు. అందుకే దానికి 'నగరి నోస్' అని పేరు వచ్చినది. మనలో చాలామందికి తెలియని విషయం మరొకటి ఉన్నది. ఈ కొండలలోని గట్టి రాయిని భూగర్భ శాస్త్రజ్ఞులు మన ఊరి పేరుతోనే పిలుస్తారు. వారి గ్రంథాలలో దాని పేరు 'నగరి క్వార్ట్‌జైట్'. మన బిడ్డలు ఏనాడూ చూడని పుస్తకాలలో, మన ఊరి పేరు ఒక రాతిమీద చెక్కినట్లు నిలిచి ఉన్నది.

ఆ రాయి ఒకప్పుడు ఇసుక. ఈ నేల మీద సముద్రపు నీరు పరచుకొని ఉన్న కాలంలో అలలు తెచ్చి పోసిన ఇసుక. ఆ సముద్రం నిండిన పల్లాన్ని 'కడప బేసిన్' అంటారు. ఇసుకపై ఇసుక చేరినది, బరువు పెరిగినది, రేణువుకూ రేణువుకూ మధ్య పలుగురాతి పదార్థమే జిగురై బిగిసినది. సుత్తితో కొడితే రేణువుల మధ్యగా కాక రేణువులనే చీల్చుకొని పగిలేటంత గట్టి రాయిగా మారినది. అందులో చేరిన ఇనుము దానికి ఎరుపును ఇచ్చినది. ఈ జాతి రాళ్ళపై అక్కడక్కడా అలల గుర్తులు నేటికీ కనిపిస్తాయి. సముద్రపు ఒడ్డున నీరు వెనుదిరిగిన తరువాత తడి ఇసుకపై మిగిలే ముడతలవంటివే అవి.

ఇది ఎంతకాలం నాటి మాట? తిరుపతినుండి తిరుమలకు వెళ్ళే ఘాట్ దారిలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించిన ఒక చోటు ఉన్నది. అక్కడ కింద గ్రానైట్, దాని మీద నగరి క్వార్ట్‌జైట్ స్పష్టంగా కనిపిస్తాయి. కింది రాయి వయస్సు 200 కోట్ల సంవత్సరాలకు పైబడినది. పై రాయి వయస్సు సుమారు 160 కోట్లు. ఆ రెండు రాళ్ళు కలిసే గీతపై మీరు ఒక వేలు ఉంచితే, ఆ వేలికింద యాభై కోట్ల సంవత్సరాలకు తక్కువ కాని కాలం మూగగా ఉండిపోయినది. ఆ కాలమంతా గాలి, నీరు పాత కొండలను అరగదీస్తూ ఉన్నాయి. నిక్షేపమైనదేదీ అక్కడ మిగలలేదు. పుస్తకంలో చిరిగిపోయిన పుటలు ఎలా ఉంటాయో ఆ గీత అలా ఉన్నది.

ఈ సంఖ్యలు ఊహించి చెప్పినవి కావని మన యువకులకు తెలియాలి. కొన్ని రాళ్ళలోని స్ఫటికాలలో యురేనియం ఉంటుంది. అది తనంతట తాను మెల్లమెల్లగా సీసంగా మారుతుంది. ఒక రకపు యురేనియంలో సగభాగం మారడానికి సుమారు 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఎంత సీసం చేరినదో, ఎంత యురేనియం మిగిలినదో కొలిస్తే ఆ స్ఫటికం వయస్సు తెలుస్తుంది. ఆ రీతిగా లెక్కించినప్పుడు, ఉల్కల సాక్ష్యాన్ని కూడా కలుపుకొని చూసినప్పుడు, భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలని తేలినది. ఆ గడియారాన్ని రాతిలో ఉంచినది మానవుడు కాదు. దాని వేగాన్ని నిర్ణయించినదీ మానవుడు కాదు. అన్నిటికీ ఒక పరిమాణాన్ని నిర్ణయించినవాడు అల్లాహ్.

సోదరులారా! ఇంత పెద్ద సంఖ్య మన మనస్సులో ఇమడదు. కాబట్టి ఒక ఉపమానం చెబుతాము. భూమి వయస్సు మొత్తాన్ని ఒక్క వారంగా కుదించుదాము. గత శుక్రవారం మనం జుమాకు కూర్చున్న వేళ భూమి ఏర్పడినదనుకుందాము. ఇప్పుడు, ఈ శుక్రవారం ఒంటిగంటకు మనం మళ్ళీ కూర్చున్నాము. ఈ లెక్కలో ఒక గంట అంటే సుమారు రెండు కోట్ల డెబ్భై లక్షల ఏళ్ళు. మొన్నటి ఆదివారం ఫజ్ర్‌కు ముందే నీటిలో సూక్ష్మజీవులు ఉన్నాయి. మంగళవారం అర్ధరాత్రి దాటిన తరువాత మన నగరి కొండ ఇసుక సముద్రంలో పరచుకుంటున్నది. నిన్న అసర్ వేళకు గాని సముద్రంలో రకరకాల జంతువులు విరివిగా కనిపించలేదు. నిన్న ఇషా వేళకు మొక్కలు నేలమీదికి వచ్చినాయి. ఈ ఉదయం పదిన్నరకు డైనోసార్లు అంతరించినాయి. మనవంటి మానవుల జాడ గడచిన నలభై క్షణాలలోనిది. దైవప్రవక్త (స) మక్కానుండి మదీనాకు హిజ్రత్ చేసిన నాటినుండి నేటివరకు గడచిన కాలం ఒక కనురెప్పపాటు. డెబ్భై ఏళ్ళు బ్రతికిన మనిషి జీవితం ఆ రెప్పపాటులో ఒక చిన్న ముక్క.

సూరా ఇన్సాన్ మొదటి ఆయతులో అల్లాహ్ మనలను ఒక ప్రశ్న అడుగుతున్నాడు. మానవుడు చెప్పుకోదగిన వస్తువే కాకుండా ఉండిన ఒక సుదీర్ఘ కాలం గడచినది కదా అన్నది ఆ ప్రశ్న సారాంశం. ఆ సుదీర్ఘ కాలపు ఆనవాళ్ళు మన గడప ముందు కొండగా నిలిచి ఉన్నాయి.

ఆ కాలంలో జీవం కథ కూడా మన ప్రాంతపు రాళ్ళలోనే వ్రాయబడి ఉన్నది. సూరా అంబియా ముప్పయ్యవ ఆయతులో ప్రాణమున్న ప్రతిదానినీ నీటినుండి చేసినట్లు అల్లాహ్ తెలిపినాడు. కడప జిల్లా వేంపల్లె పరిసరాలలోని సున్నపురాతి పొరలలో గుమ్మటాలవలె, ఉల్లిపాయ పొరలవలె ఉన్న రాతి ఆకారాలు ఉన్నాయి. వాటిని స్ట్రొమటొలైట్లు అంటారు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు లోతులేని నీటిలో పొరలు పొరలుగా పెరిగి ఆ ఆకారాలను మిగిల్చినాయి. వాటివంటి సూక్ష్మజీవులే సూర్యకాంతిని తింటూ ప్రాణవాయువును విడిచినాయి. ఆ పని కోట్లాది సంవత్సరాలు సాగిన తరువాతనే గాలి మనం పీల్చదగినదిగా మారినది. ఇప్పుడు ఈ మస్జిద్‌లో మనం తీసుకుంటున్న ఊపిరి వెనుక, పేరులేని ఆ జీవుల యుగయుగాల శ్రమ ఉన్నది. వాటిచేత ఆ పని చేయించినవాడిని మనం ఎన్నిసార్లు స్మరించినాము?

మనకు తూర్పున సత్యవేడు ఉన్నది. అక్కడినుండి శ్రీపెరుంబుదూరు దాకా ఉన్న పొరలు పది కోట్ల సంవత్సరాలకు పైబడిన కాలం నాటివి. ఆ పొరలలో ఆనాటి మొక్కల ఆకుల ముద్రలు దొరుకుతాయి. అప్పటి భూభాగాల అమరిక వేరు. మన నేల అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో కలిసి ఉన్న గోండ్వానా అనే మహాఖండంలో భాగంగా ఉండి, ఆ కాలంలోనే విడిపోతున్నది. తరువాత ఉత్తరానికి కదిలి ఆసియాను ఢీకొన్నది. హిమాలయాలు పైకి లేచినాయి. మనం స్థిరమని నమ్మే ప్రతిదీ అల్లాహ్ ఆజ్ఞతో కదులుతున్నది.

ఇక ఆ అబ్బాయి అడిగిన ఆరు దినాల మాట. అరబీలో 'యౌమ్' అనే పదానికి సూర్యోదయ, సూర్యాస్తమయాల మధ్య దినం అన్న అర్థమే కాక, ఒక కాలావధి అన్న అర్థం కూడా ఉన్నది. సూరా హజ్ నలభై ఏడవ ఆయతులో ప్రభువు వద్ద ఒక దినం మన లెక్కలో వేయి సంవత్సరాలవంటిదని, సూరా మఆరిజ్ నాలుగవ ఆయతులో యాభై వేల సంవత్సరాల దినమని వచ్చినది. సృష్టి జరిగిన ఆరు దినాలు మన దినాలవంటివేనా, లేక ఒక్కొక్కటి వేయి సంవత్సరాలదా అన్న విషయంలో పూర్వ విద్వాంసులలోనే భేదాభిప్రాయం ఉన్నదని ఇబ్నె కసీర్ (రహ్మతుల్లాహ్ అలైహ్) తన వ్యాఖ్యానంలో పేర్కొన్నారు. వారి ముందు యురేనియం లెక్కలు లేవు. ఏ శాస్త్రజ్ఞుని మెప్పు కోసమో వారు ఆ మాట వ్రాయలేదు. అల్లాహ్ దినాలను మన గడియారంతో కొలవరాదని వారికి తెలుసు. మేము దానిని మరచి ఒక బిడ్డను గద్దించినాము.

కొండలను చూసి కాలాన్ని చదవడం మన సముదాయానికి పరాయి విద్య కూడా కాదు. 973లో జన్మించిన అల్ బిరూనీ హిందూదేశం గురించి వ్రాసిన గ్రంథంలో ఒక గమనిక ఉన్నది. కొండలకు దగ్గరగా ఉన్న నదులలో పెద్ద గుండ్రాళ్ళు, దూరం పోయినకొద్దీ చిన్న రాళ్ళు, సముద్రం వద్ద సన్నని ఇసుక ఉండడాన్ని ఆయన చూసినారు. దానిని బట్టి ఈ మైదానాలు ఒకప్పుడు సముద్రమని, నదులు తెచ్చిన ఒండ్రుతో అవి నిండినవని నిర్ణయించినారు. ఆయన సమకాలికుడైన ఇబ్నె సీనా తన 'అష్షిఫా' గ్రంథంలో, భూమి పైకి లేవడం వల్ల, నీరు కోయడం వల్ల కొండలు ఏర్పడతాయని, అందుకు ఎంతో దీర్ఘకాలం పడుతుందని వ్రాసినారు. వెయ్యేళ్ళ క్రితం మన పెద్దలు నదిలోని గులకరాయిని చేత పట్టుకొని అడిగిన ప్రశ్నను, ఈనాడు మన మస్జిద్‌లో ఒక అబ్బాయి అడిగితే మేము అపరాధంగా చూసినాము.

అయితే సోదరులారా, ఒక హెచ్చరిక కూడా అవసరం. ఖుర్ఆన్ భూగర్భ శాస్త్ర పాఠ్యపుస్తకం కాదు. అది మార్గదర్శక గ్రంథం. ప్రతి కొత్త సిద్ధాంతానికీ ఒక ఆయతును బలవంతంగా అతికించడం సరి కాదు. ఉదాహరణకు సూరా నమ్ల్ ఎనభై ఎనిమిదవ ఆయతులో కొండలు మేఘాలవలె సాగిపోవడం గురించి వచ్చినది. దానిని ఖండాల కదలికకు రుజువుగా చూపేవారు ఉన్నారు. కాని చాలామంది వ్యాఖ్యాతలు ఆ దృశ్యం ప్రళయదినానికి చెందినదని వివరించినారు. శాస్త్రం తన లెక్కలను తానే సరిదిద్దుకుంటూ నడుస్తుంది. అల్లాహ్ వాక్కును దానితో ముడివేస్తే, రేపు లెక్క మారినప్పుడు మన బిడ్డ వాక్కును శంకిస్తాడు. ఆ శంకకు కారణం మన తొందరపాటే అవుతుంది.

మరొక కష్టమైన ప్రశ్న ఉన్నది. దానిని దాచిపెట్టము. మన నగరి గుండా పారే కుశస్థలి నది దిగువన పూండి జలాశయానికి చేరుతుంది. ఆ పరీవాహక ప్రాంతంలోనే అత్తిరంపాక్కం అనే గ్రామం ఉన్నది. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడ రాతి పనిముట్లను గుర్తించినాడు. అవి ఈ క్వార్ట్‌జైట్ జాతి రాయితో చేసినవే. 2011లో శాంతి పప్పు బృందం ప్రకటించిన పరిశోధన ప్రకారం అక్కడి పనిముట్లలో అతి పాతవాటి వయస్సు సుమారు 15 లక్షల సంవత్సరాలు. అవి మనవంటి మానవులకంటే ఎంతో ముందటివి. అయితే ఆదం (అ) మాటేమిటి అని మన యువకులు అడుగుతారు.

మేము చెప్పగలిగినది ఇంతే. ఆదం (అ)ను అల్లాహ్ మట్టితో సృజించినాడని, మనమందరం ఆయన సంతానమని మనం విశ్వసిస్తాము. ఆయన ఏ సంవత్సరంలో భూమిపై అడుగు పెట్టినాడో ఖుర్ఆన్ చెప్పలేదు. ఆయనకు ముందు ఈ భూమిపై ఎటువంటి జీవులు తిరిగినాయో అంతా మనకు వివరించలేదు. ఒక జాతి మరొక జాతిగా ఎలా మారినదన్న శాస్త్ర వాదన గురించి నేటి ముస్లిం విద్వాంసులలో వేర్వేరు అభిప్రాయాలు ఉన్నాయి. తెలిసినంతవరకు చెప్పి, తెలియనిచోట 'అల్లాహు ఆలమ్', అల్లాహ్‌కే బాగా తెలుసు, అని ఆగిపోవడం బలహీనత కాదు. ఇమాం మాలిక్ (రహ్మతుల్లాహ్ అలైహ్) అంతటివారు తమను అడిగిన ఎన్నో ప్రశ్నలకు తమకు తెలియదని జవాబిచ్చినట్లు ఉల్లేఖించబడినది. వారికి లేని సిగ్గు మాకెందుకు కలిగినది?

ఈ మాటలు చెప్పి, మాకొరకు, మీకొరకు, సమస్త ముస్లింలకొరకు అల్లాహ్ క్షమాభిక్షను వేడుకుంటున్నాము. మీరు కూడా వేడుకోండి. ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కు స్తోత్రాలు. ఆయన ప్రవక్తపై శాంతి, శుభాలు కలుగుగాక!

సోదరులారా! మేము ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళినాము. మగ్గం చప్పుడు ఆపించి, తండ్రి ఎదుటనే, "బాబూ, ఆనాడు నీవు అడిగినది తప్పు కాదు. నీకు జవాబు చెప్పలేక కోపించినది మా తప్పు. మమ్ములను క్షమించు" అన్నాము. అతడు కంగారుపడి, "అయ్యో, అలా అనకండి హజ్రత్" అన్నాడు. తరువాతి ఆదివారం ఫజ్ర్ నమాజు చేసుకొని, మేమిద్దరం, అతని తండ్రి కలిసి కొండ దారి పట్టినాము. ఒకచోట పడి ఉన్న రాతిపలక మీద అలల ముడతలు కనిపించినాయి. అబ్బాయి వాటిపై అరచేయి ఉంచి చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత ఇలా అడిగినాడు: "ఇంత కాలం మనుషులే లేకపోతే హజ్రత్, ఈ భూమి ఎవరికోసం?"

ఈసారి మేము గద్దించలేదు. సూరా బనీ ఇస్రాయీల్ నలభై నాలుగవ ఆయతును గుర్తు చేసినాము. సప్తాకాశాలు, భూమి, వాటిలో ఉన్న సమస్తం అల్లాహ్ పవిత్రతను కొనియాడుతున్నాయని, వాటి స్తుతి మనకు అర్థం కాదని ఆ ఆయతు తెలుపుతున్నది. మనం లేని కాలంలో కూడా భూమి ఊరకే లేదు. మన నాలుక పుట్టకముందే ఆయన స్తుతి జరుగుతున్నది. మనం చివరగా వచ్చి వరుసలో నిలబడినవాళ్ళము. చివర వచ్చినవాడు ముందున్నవారి భుజాల మీదుగా దూకి మొదటి వరుసలోకి పోరాదని జుమా మర్యాద మనకు నేర్పుతున్నది కదా! భూమిపై మన నడవడి కూడా అలాగే ఉండాలి. ఇంతవరకు చెప్పి, ఆపైన అల్లాహ్‌కే తెలుసు అన్నాము. అబ్బాయి తల ఊపినాడు.

తిరిగి వస్తుండగా సూరా జిల్‌జాల్ మా మనస్సులో మెదిలినది. ఆ సూరాలో, ప్రళయదినాన భూమి తన సమాచారాలను వినిపిస్తుందని అల్లాహ్ తెలిపినాడు. తిర్మిజీ గ్రంథంలోని హదీసు ప్రకారం దైవప్రవక్త (స) దాని భావాన్ని తమ సహచరులను అడిగినారు. అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకే బాగా తెలుసునని వారు అన్నారు. ప్రతి పురుషుడు, ప్రతి స్త్రీ తన వీపుపై చేసిన పనుల గురించి భూమి సాక్ష్యమిస్తుందని, ఫలానా దినాన ఫలానా పని చేసినారని చెబుతుందని ఆయన (స) వివరించినారు.

సోదరులారా! ఈ హదీసును మేము చిన్ననాటినుండి విన్నాము. కాని ఆ రాతిపలకను చూసిన తరువాతనే దాని బరువు మాకు తెలిసినది. నూట అరవై కోట్ల సంవత్సరాల క్రితం ఒక అల వచ్చి, కొన్ని క్షణాలు నిలిచి, వెళ్ళిపోయినది. దానిని చూసిన కన్ను లేదు. దానిని గుర్తుంచుకున్న మనస్సు లేదు. అయినా ఈ భూమి దానిని మరచిపోలేదు. కంటికి ఆనని జీవుల పొరలను భద్రపరచినది. ఒక ఆకు ఈనెలను భద్రపరచినది. ఎవరో విసిరేసిన రాతిగొడ్డలిని భద్రపరచినది. అల్లాహ్ అనుమతి లేకుండానే ఇంతటి జ్ఞాపకం దానికి ఉండదు. ఒక అల ముడతను ఇంతకాలం దాచినది, ఆ దినాన ఆయన ఆజ్ఞాపించినప్పుడు మన పనులను వినిపించలేదా? ఒక బిడ్డ ప్రశ్నను మేము నొక్కివేసినది ఈ మస్జిద్ నేలమీదనే. ఈ నేల ఆ మాటను విన్నది. అందుకే ఈనాడు, అదే నేలమీద, మీ అందరి ఎదుట మా తౌబాను కూడా అది వినాలని కోరుకున్నాము.

ఈ సందర్భంగా మనమందరం మూడు విషయాలు గుర్తుంచుకుందాము.

మొదటిది, బిడ్డల ప్రశ్నకు తలుపు మూయవద్దు. ఇబ్రాహీం (అ) మృతులను ఎలా బ్రతికిస్తావో చూపమని ప్రభువును అడిగినారు. ఆ సంగతి సూరా బఖరా రెండు వందల అరవయ్యవ ఆయతులో ఉన్నది. నీకు విశ్వాసం లేదా అని ప్రభువు అడిగినాడు. ఉన్నది, హృదయ తృప్తి కొరకు అడుగుతున్నానని ఆయన విన్నవించుకున్నారు. అల్లాహ్ ఆయనను వెళ్ళగొట్టలేదు, చూపించినాడు. దైవదూతలు మానవుని సృష్టి గురించి అడిగినప్పుడు కూడా తనకు తెలిసినది వారికి తెలియదని బోధించినాడు, నోరు మూయించలేదు. ప్రభువే వినిన ప్రశ్నను వినకుండా ఉండడానికి మనమెవరము? తెలిస్తే చెప్పండి. తెలియకపోతే తెలియదనండి. తెలిసినవారి వద్దకు బిడ్డ చేయి పట్టుకొని వెళ్ళండి.

రెండవది, యువకులారా, మీకొక మాట. ప్రశ్నించే హక్కుతోపాటు ఓర్పు కూడా నేర్చుకోండి. ఒక పెద్దమనిషి కసిరినాడని మస్జిద్‌ను విడువవద్దు. మస్జిద్ ఆయనది కాదు, అల్లాహ్‌ది. భూమి చరిత్రను చదవండి. మీలో ఒకరైనా భూగర్భ శాస్త్రం చదివి, మన ఊరి పేరు మోస్తున్న ఆ రాయి గురించి రేపు మాకు పాఠం చెప్పాలని మా ఆశ. చదివినకొద్దీ మీ సజ్దా దీర్ఘం కావాలి. జ్ఞానం పెరిగి భయభక్తులు తగ్గితే, ఆ జ్ఞానంలో ఎక్కడో లోపం ఉన్నదని గ్రహించండి.

మూడవది, భూమిని మనం కొనలేదు, అమానతుగా పొందినాము. మగ్గాలు, అద్దకాలు మన ఊరికి అన్నం పెడుతున్నాయి. ఆ సంపాదనను అల్లాహ్ హలాల్‌గా, శుభప్రదంగా చేయుగాక! కాని రంగునీటిని శుద్ధి చేయకుండా వాగులోకి వదిలినప్పుడు, కోట్ల ఏళ్ళుగా ఏర్పడిన నేలను, నీటిని ఒక్క రెప్పపాటు జీవితపు లాభం కోసం పాడుచేస్తున్నాము. పారే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీటిని వృథా చేయరాదన్న ప్రవక్త (స) బోధన ఇబ్నె మాజా గ్రంథంలో ఉన్నది. ప్రళయం ముంచుకొచ్చినా చేతిలో మొక్క ఉంటే నాటమన్న బోధన ముస్నద్ అహ్మద్‌లో ఉన్నది. కుశస్థలి ఇసుక, కొండ రాయి, బావి నీరు, ఇవన్నీ ఆ దినాన నోరు విప్పే సాక్షులే.

ఓ అల్లాహ్! నగరి కొండను నిలిపినవాడా, దాని కింద సముద్రాన్ని ఇంకించినవాడా! మేము పుట్టకముందు గడచిన యుగాలన్నీ నీ ముందు ఒక్క చూపు. మా స్వల్ప జీవితాన్ని నీ విధేయతలో గడపనివ్వు. మా బిడ్డల ప్రశ్నలను వారి ఈమాన్‌కు బలంగా మార్చు. మా నాలుకలతో గాయపడిన హృదయాలను మాన్పు. తెలియదని ఒప్పుకునే వినయాన్ని మా విద్వాంసులకు, ఓర్పుతో నేర్చుకునే శ్రద్ధను మా యువకులకు ప్రసాదించు. భూమి తన సమాచారాన్ని వినిపించే దినాన మాకు అనుకూలంగా అది సాక్ష్యమిచ్చేటట్లు చేయి. మా తల్లిదండ్రులను, మా ఊరివారినందరినీ, రోగులను, అప్పుల బాధలో ఉన్నవారిని కరుణించు. ఆమీన్.

అల్లాహ్ దాసులారా! న్యాయాన్ని, మేలును, బంధువుల పట్ల ఉదారతను అల్లాహ్ ఆజ్ఞాపిస్తున్నాడు. చెడునుండి, దౌర్జన్యంనుండి వారిస్తున్నాడు. ఆయనను స్మరించండి, ఆయన కృపకు కృతజ్ఞులై ఉండండి. లేవండి, వరుసలు సరిచేసుకోండి. వెనుక నిలబడిన బిడ్డలను కూడా ప్రేమతో వరుసలోకి పిలవండి. నమాజుకు నిలబడదాము.